రంగం డబ్బు, రాచర్ల మంద

కోర్టు అమీనాగా కొత్తగా చేరినవాళ్లు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ఒకటే, జనం తిడతారా అని. తిడతారు. ఎందుకు తిట్టరు? అప్పిచ్చినవాడికి కోర్టు డిక్రీ ఇచ్చాక బాకీదారు ఇంటికి పోయి, సొమ్ము జప్తు చేసి, వేలం వేసి, ఆ డబ్బు ఇప్పించే మనిషికి ఎదురొచ్చి కాళ్లు కడుగుతారా? తిట్లకు మీరు త్వరగానే అలవాటు పడతారు. శాపనార్థాలకూ అంతే. అన్ని శాపాలు తిన్న నాకు కన్నూ పోలేదు, కాలూ పోలేదు. నన్ను కష్టపెట్టింది వేరే. కొన్ని ఇళ్లకు పోతే ఎవరి మీద కోప్పడాలో ఇంటివాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. అట్లాంటి ఇంటి సంగతి రాద్దామని కూర్చున్నాను. రాస్తే తేటపడుతుందేమోనని ఆశ. ఇంతవరకైతే తేటపడలేదు.

నేను పనిచేసింది మద్రాసు ప్రభుత్వం రోజుల్లో, రెండో యుద్ధం రాకముందు. అప్పట్లో మా ప్రాంతమంతా కర్నూలు జిల్లా కింద ఉండేది. కోర్టు మార్కాపురంలో. అక్కడి నుంచి కంభం, గిద్దలూరు, రాచర్ల పల్లెలన్నీ మేమే తిరగాలి. రైలున్నంత దూరం రైలు, తర్వాత ఎద్దులబండి, బండి పోని చోట కాళ్లు. బదిలీలు, జీతం పెంపు, పై అధికారుల మెప్పులు రాయను. అవి చదివి బాగుపడినవాళ్లు ఎవరూ లేరు.

నాజరు గారు

అమీనాలకు పని పంచే అధికారిని నాజరు అనేవాళ్లం. మా నాజరు గారు పొట్టి మనిషి. రోజంతా పొడుం పీలుస్తూ, తుమ్ముతూ, తుమ్ముకూ తుమ్ముకూ మధ్య మాకు పని నేర్పేవాడు. చట్టంలో ఏది ముట్టుకోకూడదో ముందు నేర్పాడు. వండుకునే గిన్నెలు, కప్పుకునే దుప్పట్లు, సేద్యగాడి కాడెద్దులు, మడక, విత్తనాలు, ఆడమనిషి మెడలోని తాళి, వీటి జోలికి పోకూడదు. పొద్దు గుంకాక ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఇదంతా చక్కగా చెప్పేవాడు. ఆ విషయంలో ఆయనకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం నాకు పనికిరాలేదు. "ఇంటోళ్ల కథ వినబోకురా. నువ్వు పోయేది సొమ్ముకు, కథకు కాదు. విన్నావా, ఇంగ నీ చేతులు ఆడవు" అనేవాడు. మొదట్లో నేనూ అట్లాగే చేశాను. గడప దగ్గర దగ్గి, కాగితం చదివి, ఉన్నది రాసుకుని వచ్చేవాణ్ని. దానివల్ల ఒకసారి తప్పు ఇంటికి పోయి, ఆ బాకీతో ఏ సంబంధమూ లేని ఇంకో పిచ్చయ్య బర్రెను తోలుకొచ్చాను. ఇద్దరు పిచ్చయ్యల భార్యలూ చెప్తూనే ఉన్నారు, నేను వినకూడదు కాబట్టి వినలేదు. బర్రెను తిరిగి అప్పజెప్పడానికి పోయినప్పుడు వాళ్లు పెట్టిన చీవాట్లు విన్నాను, తప్పలేదు. అందుకే నా మాటగా చెప్తున్నాను, వినండి. అందరూ చెప్పేదీ వినండి. విన్నాక ఏం చేయాలో నాకు తెలియదు గానీ, వినకపోతే మాత్రం ఇంకా అన్యాయం.

సముద్రం దాటినవాళ్ల బాకీలు

నాజరు గారు భయపడే కేసులు ఒక రకం ఉండేవి. బాకీదారు ఊళ్లో లేకుండా రంగం పోయి ఉంటాడు. రంగం అంటే రంగూను, మా వైపు అందరూ అట్లాగే అనేవాళ్లు. వానలు లేక, అప్పు పెరిగి, దారి తోచక, కూలీలను ఓడెక్కించే మేస్త్రీల వెంట పోయేవాళ్లు. అక్కడ రేవులో బియ్యం బస్తాలు మోయడం, మిల్లుల్లో పొట్టు ఎత్తడం. కొందరు పెనాంగు రబ్బరు తోటలకు పోయేవాళ్లు. "ఇంట్లో లేనోడి బాకీ పట్టుకుంటే పొగను పట్టుకున్నట్టేరా" అని నాజరు గారు ఆ కాగితాలను నా వైపు నెట్టేవాడు.

అట్లాంటి కేసులు చాలా చూశాను. ఎవరూ దొంగలు కాదు, అదే చిక్కు. పోయినవాడి మనసులో అప్పు తాను పోయిన రోజు ఎంత ఉందో అంతే ఉంటుంది. అప్పిచ్చినవాడికి అది రోజూ పెరుగుతుంది. ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం ఈ పూట గంజి, రేపటి విత్తనం, ఎల్లుండి జ్వరానికి మందు, వీటి తర్వాతే అప్పు. పెనాంగు పోయిన ఒకాయన తమ్ముడు నా ముందు కూర్చుని ఖర్చులన్నీ ఒప్పజెప్పాడు. పన్ను కట్టాడు, బావి పూడిక తీయించాడు, వదిన కాన్పుకు మంత్రసానిని తెచ్చాడు. ఒక్క ఖర్చును కూడా తప్పు పట్టలేకపోయాను. అప్పిచ్చినవాడికి మాత్రం అణా పోలేదు.

డబ్బు పంపేవాడు నేరుగా అప్పిచ్చినవాడికే మనియార్డరు చేసి, రసీదు తన దగ్గర పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఈ సంగతి అందరికీ తెలుసు. నేనూ నూరుమందికి చెప్పి ఉంటాను. ఎవరూ చేయరు. ఇల్లు చూసుకునే బావను పక్కనబెట్టి అప్పిచ్చిన శెట్టికి డబ్బు పంపితే బావను దొంగ అన్నట్టే కదా. ఊళ్లో పోస్టుబంట్రోతు చూస్తాడు, నలుగురికీ తెలుస్తుంది, బావ తలెత్తుకోలేడు. అప్పుకన్నా అది పెద్ద కష్టం. సలహాలిచ్చే మనకు అది చిన్నగా కనిపిస్తుంది గానీ, మీ బావతో మీరు అట్లా చేయగలరేమో ఒక్కసారి ఆలోచించండి.

వెంగమ్మ కొట్టం

రాచర్ల పక్క పల్లెలో కాశయ్య అనే గొర్రెల కాపరి ఉండేవాడు. మంద పెంచుదామని గిద్దలూరులో దుకాణం ఉన్న రంగయ్య శెట్టి దగ్గర అప్పు తెచ్చి గొర్రెలు కొన్నాడు. ఆ ఏడు తొలకరి కాగానే చిటుకు రోగం వచ్చింది. పొద్దున మేసిన గొర్రె సాయంత్రానికి కాళ్లు చాచేది. మంద పోయింది, అప్పు మిగిలింది. అమ్మడానికి సెంటు భూమి లేదు. కాశయ్య రంగం పోయాడు. పోతూ పోతూ భార్య వెంగమ్మను, అప్పు సంగతిని, ఆమె అన్న తిరుపాలుకు అప్పజెప్పాడు. తిరుపాలుకు సొంత మంద ఉంది. నెల నెలా డబ్బు నీకు పంపుతా, నువ్వు శెట్టికి కట్టు అని మాట.

శెట్టి కొన్నేళ్లు చూశాడు. చూసి చూసి దావా వేసి డిక్రీ తెచ్చుకున్నాడు. నోటీసులు రంగం చిరునామాకు పోయాయో, దారిలో ఏ ఓడలో తిరిగాయో, మనిషికైతే అందలేదు. ఇంటి తలుపుకు అంటించిన కాగితాన్ని ఏదో పన్ను కాగితం అనుకుని వెంగమ్మ కొట్టం లోపల చూరులో దోపింది. జప్తు వారంటు నాకు వచ్చింది.

శెట్టి కసాయివాడని అనుకోకండి. బక్కపలచని మనిషి, ఎండకు తలగుడ్డ చుట్టుకుని నా బండిలోనే వచ్చాడు. దారంతా తన గోడు చెప్పుకున్నాడు. నూనె సరుకు తెచ్చిన చోట తనూ బాకీ పడ్డాడు, వాళ్లు దుకాణం ముందు వచ్చి కూర్చుంటున్నారు. "నాకేం సరదానా అమీనా గారూ? ఆడమనిషి ఇంటి ముందుకు పోయి అరిచేదానికి నాకూ మొగం చెల్లదు" అన్నాడు.

కొట్టంలో జప్తు చేయడానికి ఏమీ లేదు. రెండు కుండలు, ఒక గొంగడి, రోలు. చట్టం ముట్టుకోవద్దన్నవి తప్ప ఇంకేవీ లేని ఇల్లు. వెంగమ్మ కూలిపని నుంచి అప్పుడే వచ్చింది, చేతిలో కొడవలి. బంట్రోతును, గ్రామ మునసబును, నన్ను చూసి, చివరికి శెట్టిని చూసి ఊపిరి పీల్చుకుంది. తెలిసిన మొగం ఒకటి కనబడిందని.

"ఏంది శెట్టన్నా ఇంతమందిని ఏసుకొచ్చినావు?"

"నా బాకీ కోసమమ్మా. ఇంగేటికి వస్తా?"

"ఏం బాకీ? మా అన్న కట్టేసినాడు గదా. రంగం నుంచి నెల నెలా వస్తానే ఉండె."

"ఒక్క పైసా రాలేదు తల్లీ. నీ మొగుడు ఓడెక్కినాక నా దుకాణం గడప మీ ఇంటోళ్లు తొక్కింది లేదు."

వెంగమ్మ నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను. ఆమె అక్కడే చతికిలబడి, తనలో తను అనుకున్నట్టు ఒక మాట అంది.

"మరి మా ఆయన పేరున అన్ని గొర్రెలు ఎట్ల కొన్నాడు మా అన్న? అప్పు తీరి మిగిలితేనే గదా గొర్రెలు కొనేది..."

శెట్టి తలగుడ్డ సర్దుకున్నాడు. "ఏం గొర్రెలు?" అన్నాడు. మేతకు గిద్దలూరు వైపు తోలినప్పుడల్లా ఆ మంద ఆయన దుకాణం ముందునుంచే పోయేదట, వచ్చేదట. బజారు మనిషికి గొర్రెలన్నీ గొర్రెలే కాబట్టి ఎన్నడూ పట్టించుకోలేదు. వెంగమ్మ ఆ మాట పొరపాటున అన్నదో, అన్న మీద కోపంతో అన్నదో నాకు ఈరోజుకూ తెలియదు. ఆమెకు కూడా తెలిసి ఉండదు.

చెవి కోత

తిరుపాలు ఒక రెడ్డి గారి చేనులో మంద కట్టి ఉన్నాడు. గొర్రెలు రాత్రిళ్లు చేనులో పడుకుంటే ఎరువు పడుతుంది, దానికి రైతు ధాన్యం ఇస్తాడు, అది మా వైపు పద్ధతి. మేము పోయేసరికి మంద ఇంకా మేతకు కదలలేదు. రెండు వందల తలలు ఉంటాయి. తిరుపాలు భుజాన గొంగడితో నిలబడి మమ్మల్ని చూసి దండం పెట్టాడు.

ఇక్కడ మీకు చట్టం కొంచెం చెప్పాలి. మంద తిరుపాలు చేతిలో ఉంది. అతను అన్నీ నావేనంటే నేను ఆ మాటే రాసుకుని వెనక్కి పోవాలి, లేదా శెట్టి కోర్టులో రుజువు చేసుకోవాలి. అందుకే నేను నిదానంగా అడిగాను. "తిరుపాలూ, బాగా ఆలోచించి చెప్పు. ఈ మందలో కాశయ్యవి ఉన్నాయా?" అన్నాను. ఆలోచించి అనే మాట మీద కొంచెం బరువు పెట్టాను. గ్రామ మునసబు కూడా సన్నగా దగ్గాడు.

తిరుపాలు ఆలోచించనే లేదు. "ఎందుకు లేవు సామీ, శానా ఉండాయి" అని మందలోకి పోయి వేరు చేయడం మొదలుపెట్టాడు.

కాపరుల ఇళ్లలో ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. గొర్రెపిల్ల చెవిని పసిదిగా ఉన్నప్పుడే తమ పద్ధతిలో కోస్తారు. కాశయ్య వంశానిది ఎడమ చెవి కొస తీసేయడం, కుడి చెవికి కింది వైపు ఒక గాటు. తిరుపాలు చెవి పట్టి చూడడం, పక్కకు తోయడం. అట్లా సగం మంద వేరయింది. శెట్టి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా వెంట వచ్చిన వెంగమ్మ అన్న ముందు నిలబడింది.

"కట్టినావనుకున్నా గదన్నా!"

"కట్టినానని నేనెప్పుడు చెప్పినా?"

"కట్టలేదని మాత్రం చెప్పినావా?"

"నువ్వడగలేదు."

"అన్నను లెక్క అడుగుతానా నేను?"

తిరుపాలు గొంగడి కింద పెట్టి నాతో చెప్పుకున్నాడు. చెల్లెలితో చెప్పడానికి మొగం చాలక అనుకుంటాను. "శెట్టికి కడితే అది వడ్డీలో కలిసిపోతాది సామీ, కంటికి ఆనదు. గొర్రె కొంటే ఈనుతాది. పిల్లలు మళ్లీ ఈనుతాయి. మంద పెద్దదైనాక సగం అమ్మి శెట్టి మొగాన కొడదాం, సగం బావకు ఉంటాది, ఒచ్చి చూసి సంబరపడతాడనుకున్నా. ఇంగో ఏడాది ఆగింటే అయిపోయేది."

"ఏడాది ఏడాదికీ అదే అనుకున్నావు" అంది వెంగమ్మ.

"అవును" అన్నాడు తిరుపాలు నిజాయితీగా.

గొర్రెలు ఉన్నాయన్న సంగతి కాశయ్యకు ఇద్దరూ తెలియనివ్వలేదు. ఆమె కూడా, వచ్చినాక చూసి ఆశ్చర్యపోతాడులే అనుకుంది. కాశయ్య ఉత్తరాల్లో శెట్టి గురించి అడిగించినప్పుడల్లా, ఆ దిగులు పెట్టుకోబోకు అని తిరుపాలు రాయించాడు. ధైర్యం చెప్పడానికి రాయించిన మాట అది. కాశయ్య దాన్ని అప్పు తీరిందని అనుకున్నాడు.

నేను తిరుపాలును పక్కకు పిలిచి అడిగాను, అన్నీ నీవేనని ఒక్క మాట అంటే అయిపోయేది కదా అని. అట్లా అడగడం అమీనా పని కాదు. నా నోరు ఊరుకోలేదు.

"కాశయ్య కోత కోసి నావని ఎట్ల చెప్పేది సామీ? రేపు పొద్దున వాటి చెవులు ఎట్ల చూసేది?" అన్నాడు.

పెళ్లాంబిడ్డల మీద ప్రమాణం చేసి అబద్ధాలాడే పెద్దమనుషులను కోర్టులో రోజూ చూసేవాణ్ని. ఈ మనిషి గొర్రె చెవికి జంకాడు. ఇదే మనిషి బావ నమ్మి పంపిన డబ్బును చెప్పిన పనికి వాడకుండా ఇన్నేళ్లు తన ఇష్టానికి నడిపాడు. మంచివాడా, మోసగాడా? పిచ్చివాడా? నేను ఆ గొర్రెలను జప్తు రాసి, తిరుపాలు జిమ్మాలోనే, అంటే అతని కాపలాలోనే పెట్టి, వేలానికి దండోరా వేయించి వచ్చాను. నాజరు గారికి అంతా చెప్పాను. ఆయన పొడుం డబ్బీ తెరిచి, మూసి, "అందుకే వినబోకు అన్నా" అన్నాడు.

రైల్లో మనిషి

వేలం రోజు మార్కాపురం రోడ్డు స్టేషన్లో గుంటూరు నుంచి వచ్చిన బండెక్కాను. ఎదుటి బల్ల మీద ఒకాయన రంగం లుంగీ కట్టుకుని, కాళ్ల కింద రేకు పెట్టె, ఒళ్లో కొత్త గొడుగు పెట్టుకుని కూర్చున్నాడు. అందరితో మాట కలుపుతున్నాడు. గుట్టలు కనిపిస్తే చాలు, వాటి పేర్లు చెప్తున్నాడు. మొగంలో అంత వెలుగున్న మనిషిని మా బండిలో చూడటం అరుదు. పెట్టెలోంచి అటుకులు తీసి నాకూ పెట్టాడు, తిన్నాను.

"గిద్దలూరులో దిగి రాచర్ల పోవాల" అన్నాడు. "ఓడెక్కేటప్పుడు నెత్తిన అప్పు ఉండె. మా బావ నిలబడి కట్టించినాడు. రెండేండ్ల కిందటే తీరిపోయింది. అప్పుడే వచ్చేద్దును. ఉత్తచేతుల్తో వచ్చి ఏం చేసేదని, గొర్రెల కోసరం ఇంగో రెండేండ్లు బస్తాలు మోసినా." నడుము తడిమి చూపించాడు. చొక్కా కింద గుడ్డసంచి కట్టుకున్నాడు. "రేపో ఎల్లుండో సంతలో గొర్రెల్ని చూడాల. అయ్యా, తమరేం చేస్తుంటారు?"

ఏం చెప్పాలి? కాగితం సంగతి అది చేరాల్సిన చోటికి పోకముందు ఎవరికీ చెప్పకూడదని మా పద్ధతి. చెప్పకపోతే ఈ మనిషి నవ్వుకుంటూ నా వెనకే నడిచి వచ్చి, నేనే తన గొర్రెలను వేలం పాడుతుంటే చూస్తాడు. కంభం స్టేషన్ వచ్చింది, పోయింది. చివరికి, "నీ పేరు కాశయ్య కదా?" అన్నాను.

చెప్పేశాను. మొదట నవ్వాడు. కాశయ్యలు చాలామంది ఉంటారు సామీ అన్నాడు. నేను వెంగమ్మ పేరు, తిరుపాలు పేరు, చెవి కోత చెప్పాను. నవ్వు అట్లాగే ఉండిపోయింది, దాని వెనక మనిషి లేడు. చాలాసేపు కిటికీ బయట చూశాడు. నన్ను పట్టుకుంటారా అని అడిగాడు. లేదు, వారంటు గొర్రెల మీదే అని చెప్పాను. తర్వాత అతను అడిగిన మాట నేను అనుకున్నది కాదు.

"గొర్రెలు ఎట్లుండాయి సామీ? బలంగా ఉండాయా?"

బాగున్నాయన్నాను. మళ్లీ కిటికీ బయటే చూశాడు. గిద్దలూరులో దిగి అతను నాతో రాలేదు. పెట్టె మీద కూర్చుండిపోయాడు. వెనక్కి పోయే బండి ఎప్పుడని పోర్టరును అడగడం విన్నాను. బండి మాట్లాడుకుని నేను ఒక్కణ్నే బయలుదేరాను. అతను తిరిగి ఓడెక్కితే తప్పు పట్టలేననిపించింది. ఎక్కితే వెంగమ్మ గతేమిటని కూడా అనిపించింది. దారంతా ఆ రెండు ఆలోచనలే.

మూడోసారి

వేలం పల్లె బయట చేనులో పెట్టాను. ఎండాకాలం, గడ్డి లేదు, గొర్రెల ధర పడిపోయి ఉంది. పామూరు వైపు నుంచి వచ్చిన బేరగాళ్లు ముగ్గురు, ముందే మాట్లాడుకున్నట్టు, నత్తనడకన పాడుతున్నారు. వాళ్లు పాడే ధరకు పోతే గొర్రెలూ పోతాయి, సగం అప్పూ మిగులుతుంది. శెట్టి గోళ్లు కొరుక్కుంటున్నాడు. తిరుపాలు తల వంచుకుని ఉన్నాడు. వెంగమ్మ మంద అవతల నిలబడి ఉంది. నేను ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను. మూడోసారి అనడానికి నాకు కొంచెం ఆలస్యమైంది. కావాలని ఆపావా అని శెట్టి తర్వాత అడిగాడు. నాకే తెలియదు.

"నువ్వెప్పుడొచ్చినావు?" అంది వెంగమ్మ గట్టిగా.

అందరూ తిరిగి చూశాం. కాశయ్య రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, చంకలో గొడుగుతో మంద అంచున ఉన్నాడు. చెమటకు తడిసిపోయాడు. భార్య వైపు గానీ, తిరుపాలు వైపు గానీ చూడలేదు. పెట్టె దించి, దగ్గరున్న గొర్రె గడ్డం పట్టుకుని చెవి చూశాడు. ఇంకోదాని చెవి చూశాడు.

"ఎవరు కోసినారు?"

"నేనే బావా" అన్నాడు తిరుపాలు.

"ఇంగ కొంచెం పైకి కోయాల. మా నాయన ఇట్ల కొయ్యడు."

"నాకు తెలిసినట్టు కోసినా."

జనం నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డారు. బేరగాడొకడు పాట ముగించమని అరిచాడు. పాట ఖాయం కాకముందు బాకీ, ఖర్చులు కట్టేస్తే వేలం ఆగిపోతుంది, అది చట్టం. ఆ మాట నేను గట్టిగా, ఎవరి మొగమూ చూడకుండా, అందరికీ చెప్పినట్టు చెప్పాను. కాశయ్య కదల్లేదు. అతని చేయి నడుము మీదే ఉంది. ఆ సంచి విప్పితే ఇన్నేళ్ల బస్తాల మోత ఖాళీ అయిపోతుంది. విప్పకపోతే మంద పోతుంది.

"నువ్వు కట్టబోకు" అంది వెంగమ్మ ఉన్నట్టుండి. "చేసినోడు అనుభవించనీ."

"నీ అన్నే గదా."

"ఎవరైతే ఏంది?"

అప్పుడు సంచి విప్పాడు. శెట్టి తువాలు పరిచి లెక్క పెట్టుకున్నాడు. బాకీ, ఖర్చులు పోను గుప్పెడు చిల్లర మిగిలింది. చివర్లో శెట్టి కొంత వడ్డీ వదిలేశాడు, ఎవరూ అడగకుండానే. ఎందుకు వదిలాడో ఆయన చెప్పలేదు. వేలం ఆగిపోయిందని నేను రాసుకున్నాను. బేరగాళ్లు నన్ను తిట్టుకుంటూ పోయారు.

"గొర్రెలు ఉండాయని ఒక్క మాట రాయించింటే రెండేండ్ల కిందటే వచ్చేటోణ్ని గదా బావా" అన్నాడు కాశయ్య.

"అప్పుడే వచ్చుంటే ఈ పొద్దు కట్టను డబ్బు యాడిది బావా?"

ఇద్దరి మాటా నిజమే. తిరుపాలు అప్పు కట్టేసి ఉంటే కాశయ్య ఈ డబ్బుతో ఇప్పుడు గొర్రెలు కొనేవాడు. కట్టలేదు కాబట్టి గొర్రెలున్నాయి, ఈ డబ్బుతో అప్పు తీరింది. ఎటునుంచి చూసినా ఒక మంద, తీరిన బాకీ. మరి ఇంత బాధ ఎక్కడి నుంచి వచ్చింది? వడ్డీ కొంత ఎక్కువ పోయింది, అది నిజం. అయినా వాళ్ల మొగాలు చూస్తే అది వడ్డీ బాధ కాదు. కాశయ్య నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "రెండేండ్లు అప్పు లేనోణ్నని హాయిగా నిద్రపోయినా సామీ. ఆ నిద్ర నిజందా, అబద్ధందా?" నిద్ర పట్టింది కదా, అది చాలు అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

తర్వాత అతను మందను ఇంటివైపు తోలుకుపోవాలనుకున్నాడు. వేరు చేసిన గొర్రెల ముందు నిలబడి, నాలుక మడిచి కాపరి పిలుపు పిలిచాడు. ఒక్క గొర్రె తలెత్తలేదు. గొంతు సరిచేసుకుని మళ్లీ పిలిచాడు. తిరుపాలు నోరు తెరవబోయి, మూసుకుని, చేనుకు అడ్డంపడి గబగబా వెళ్లిపోయాడు. అతను కదలగానే గొర్రెలన్నీ అతని వెనక పడ్డాయి. కాశయ్య పరుగెత్తి గొడుగు విప్పి అడ్డం పెట్టాడు. నల్లటి ఆ వస్తువును చూసి అవి బెదిరి నాలుగు దిక్కులా చెదిరాయి.

"ఆ గొడుగు మూయి, బెదరతాండాయి" అంది వెంగమ్మ.

మూసేశాడు. ఆమె కొంగు బిగించి, రెండడుగులు ముందుకేసి, అన్నకు తోడుగా మంద కాసినప్పటి పిలుపు సన్నగా పిలిచింది. చెదిరిన గొర్రెలు ఒక్కొక్కటే వచ్చి ఆమె చుట్టూ చేరాయి. ఆమె వెనక్కి చూడకుండా దారి పట్టింది.

"నువ్వు ఎనక రా. నాలుగు రోజుల్లో అలవాటైతాదిలే."

కాశయ్య పెట్టె నెత్తిన ఎత్తుకున్నాడు. "ఎవరికి?" అని అడిగాడు. "వాటికా, నాకా?"

ఆమె విన్నదో లేదో, మందతో ముందుకు పోతూనే ఉంది. అతను ఆ దుమ్ములో, గొర్రెలకు కాస్త దూరంగా, వెనక నడిచాడు.